కొండ దిగేటప్పుడే ఆగిపోయే నావిగేటర్: ఒక బైక్ వైరింగ్ కేసు

"ఎక్కేటప్పుడు బాగానే ఉంటాందినా. దిగేటప్పుడే ఆఫ్ అయిపోతాంది. ఆ పక్క కొండ అడ్డమొచ్చి శాటిలైట్ అందడం లేదేమో."

మా షాపు ముందు బండికి స్టాండ్ వేస్తూనే ఆ అబ్బాయి రోగమూ కారణమూ రెండూ చెప్పేశాడు. ముప్పై ఏళ్లుంటాయి. తిరుమలలో ఉద్యోగం, వారానికి ఆరు రోజులు బైక్ మీదే పైకి వెళ్లి వస్తాడు. బండి 350 సీసీ, కొని మూడేళ్లయింది. హ్యాండిల్ మధ్యలో ఒక పాత కార్ నావిగేటర్, అంటే మ్యాప్ మీద దారి చూపించే డబ్బా, బిగించి ఉంది. వాళ్ల బావ కారు మార్చినప్పుడు ఇచ్చేశాడట. ఫోన్ పెట్టుకోవచ్చు కదా అంటే, ఏడాది పాటు ఫోన్ హ్యాండిల్‌కి తగిలించి తిరిగితే కెమెరా ఫోకస్ పట్టడం మానేసిందన్నాడు. అది జరిగేదే. పెద్ద ఇంజన్ బైకుల అదురుకి ఫోన్ కెమెరా లోపలి భాగాలు దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కంపెనీ కూడా చెప్పింది. జూన్‌లో స్నేహితులతో లేహ్ ట్రిప్ ఉంది, ఈలోగా ఈ డబ్బా సరిగ్గా పనిచేయాలి, అదీ అతని టెన్షన్.

వైరింగ్ అంతకుముందు వేరేచోట చేయించాడు. ఎక్కడని నేను అడగలేదు. అడిగితే పని మీద కంటే మనిషి మీద మాట ఎక్కువవుతుంది.

కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే ఫిర్యాదు ఒకటి కాదు, నాలుగు బయటికొచ్చాయి. కొండ దిగేటప్పుడు స్క్రీన్ ఆగిపోవడం ఒకటి. ఆన్ అయ్యాక శాటిలైట్లు పట్టడానికి పది, పదిహేను నిమిషాలు తీసుకోవడం ఇంకొకటి. ప్లగ్ పెట్టగానే ఒక్కోసారి మ్యాప్‌కి బదులు కంప్యూటర్ బొమ్మ వచ్చి అక్కడే నిలిచిపోతుంది. నాలుగోది, ఊరెళ్లి ఐదారు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తిరగదు. ఈ నాలుగోదాన్ని అతను నావిగేటర్‌తో ముడిపెట్టలేదు, బ్యాటరీ పాతబడిందనుకున్నాడు. తిరుపతి పక్కన కరకంబాడిలోనే బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి బ్యాటరీ మార్చేయడం మహా తేలిక.

కొండ అడ్డం అన్న మాటని మాత్రం నేను ముందే పక్కన పెట్టేశాను. జీపీఎస్ శాటిలైట్లు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. శేషాచలం కొండ ఒకవైపు ఆకాశాన్ని కొంత మూసేస్తే కొన్ని శాటిలైట్లు అందవు, బాణం గుర్తు దారి తప్పుతుంది, "సిగ్నల్ లేదు" అని స్క్రీన్ మీద పడుతుంది. అంతే కానీ స్క్రీన్ నల్లబడదు. స్క్రీన్ నల్లబడిందంటే కరెంటు పోయినట్టు. అతనికి ఇది చెబితే, "శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లానే కదనా, ఇంత దగ్గరుండీ సిగ్నల్ ప్రాబ్లమా" అని నవ్వాడు. 2022లో జిల్లాలు విడదీశాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చిన మాట నిజమే. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్, దాని శాటిలైట్లలో మొదటిది 2013 జూలై 1న ఎగిరిందీ అక్కడినుంచే. కానీ సిగ్నల్ వచ్చేది లాంచింగ్ ప్యాడ్ నుంచి కాదు, పైనుంచి. పైగా అతని డబ్బా నావిక్ రాకముందుది, అమెరికావాళ్ల జీపీఎస్ ఒక్కటే దానికి తెలుసు.

ముందు సులువైన పని, బ్యాటరీ. మైనస్ టెర్మినల్ విప్పి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య కలిపాను. తాళం చెవి తీసేసే ఉంది. మీటర్ 45 మిల్లీ ఆంపియర్లు చూపించింది. చిన్న అంకెలా ఉంటుంది కానీ 24 గంటలకి లెక్కేస్తే 1 ఆంపియర్ అవర్ దాటుతుంది. ఈ బండిది 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఐదు రోజుల్లో సగానికి పైగా ఖాళీ, ఇక సెల్ఫ్ ఎక్కడ తిరుగుతుంది? హ్యాండిల్ దగ్గర నావిగేటర్ కనెక్టర్ లాగేస్తే మీటర్ 1 మిల్లీ ఆంపియర్‌కి పడిపోయింది. అది బండి స్పీడోమీటర్‌లోని గడియారానిది, దానితో గొడవ లేదు. అంటే వైరు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చింది, తాళంతో సంబంధం లేకుండా. బ్యాటరీకి ఏ జబ్బూ లేదు. ఇలా మీటర్ వరసలో ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కకూడదు. సెల్ఫ్ లాగే కరెంటుకి మీటర్‌లో ఫ్యూజు పోతుంది. నావి రెండు పోయాయి, రెండూ మా పిల్లోడి చేతిలోనే అని చెప్పుకుంటూ ఉంటాను.

ప్లస్ వైరుకి ఫ్యూజు కూడా లేదు. ట్యాంకు కింద ఇంజన్ వేడి తగిలే చోటినుంచి సన్నటి స్పీకర్ వైరు లాగారు. నావిగేటర్ తీసుకునేది ఒక ఆంపియర్ లోపే, దానికి ఫ్యూజు ఎందుకు అని చాలామంది అనుకుంటారు. ఫ్యూజు నావిగేటర్ కోసం కాదు, వైరు కోసం. ఆ వైరు ఎక్కడైనా ఫ్రేమ్‌కి ఒరుసుకుని పొర చిరిగితే, బ్యాటరీ తన దగ్గరున్నదంతా దాని మీద కుమ్మరిస్తుంది. పైన పెట్రోల్ ట్యాంకు ఉంటుంది.

ఇక అసలు కేసు. కొండ దిగేటప్పుడే ఎందుకు?

తిరుమలకి రెండు ఘాట్ రోడ్లు. ఇప్పుడు దిగడానికి వాడేది 1944 నాటి మొదటి రోడ్డు, ఎక్కేది 1974లో వచ్చిన రెండోది. పాత రోడ్డు మలుపులు ఎలా ఉంటాయో మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు హ్యాండిల్ కొద్దిగా కదిలితే చాలు, దిగేటప్పుడు కొన్నిచోట్ల బాగా తిప్పాలి. కాబట్టి హ్యాండిల్ తిరిగినప్పుడు వైరు ఎక్కడో తెగినట్టవుతోందని అనుకున్నాను. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్) దగ్గర, ఫ్రేమ్ మెడ పక్కన, వైర్లు నలిగిపోయే చోటు ఒకటి ప్రతి బండికీ ఉంటుంది. సీటు తీసి, ట్యాంకు తీసి, హెడ్‌లైట్ డూమ్ విప్పి చూశాను. వైరు చక్కగా ఉంది. ఒక్క గీత కూడా లేదు. తాళం ఆన్ చేసి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవైసార్లు తిప్పాను. స్క్రీన్ చెక్కు చెదరలేదు. గంటన్నర పోయింది, బేరం రెండు పోయాయి.

మర్నాడు ఫ్రెండ్‌ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లమన్నాను. దిగేటప్పుడు స్క్రీన్ ఎప్పుడు ఆగినా, బండి కుడికి తిరుగుతోందా ఎడమకా అని వెనకున్నవాడు చూడాలి. నడిపేవాడు రోడ్డే చూడాలి, ఆ మాట రెండుసార్లు చెప్పాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఆరుసార్లు ఆగిందినా. ఆరూ కుడి మలుపులే."

ఆ రాత్రి నాకు తట్టింది. నేను హ్యాండిల్ తిప్పింది ఇంజన్ ఆపి. కొండ మీద ఇంజన్ నడుస్తూ ఉంటుంది, బండి అదురుతూ ఉంటుంది. ప్లస్ వైరునే పట్టుకు వేలాడాను కానీ మైనస్ వైరు ఎక్కడికి పోయిందో సరిగ్గా చూడనేలేదు.

మళ్లీ బండి వచ్చాక చూస్తే, మైనస్ వైరు హ్యాండిల్ క్లాంపు బోల్టు కింద బిగించి ఉంది. బోల్టు ఇనుము, హ్యాండిల్ ఇనుము, కాబట్టి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి, వచ్చేస్తుందని వాళ్లు అనుకుని ఉంటారు. కానీ ఈ బండిలో చేతులకి అదురు తగలకుండా హ్యాండిల్‌ని రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టారు. స్విచ్ బాక్సులు ప్లాస్టిక్. ముందు బ్రేకుది రబ్బరు గొట్టం. మరి హ్యాండిల్‌కి ఎర్త్ ఎక్కడినుంచి వస్తోంది?

మల్టీమీటర్‌ని వోల్టుల మీద పెట్టి ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి హ్యాండిల్ క్లాంపు మీద ఉంచాను. ఎర్త్ బాగుంటే అక్కడ దాదాపు సున్నా రావాలి. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు 0.4 వోల్టులు. అదే ఎక్కువ, అయినా నావిగేటర్ నడుస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేసి హ్యాండిల్ కుడికి తిప్పాను. 0.4 కాస్తా 2 అయింది, 5 అయింది, ఒక్క క్షణం 13 చూపించి మళ్లీ పడిపోయింది. 13 అంటే ఎర్త్ పూర్తిగా తెగినట్టే. స్క్రీన్ నల్లబడింది. పక్కన నిలబడ్డ ఆ అబ్బాయి "అదేనా, అదేనా!" అని గట్టిగా అరిచాడు.

హ్యాండిల్ అలాగే కుడికి పెట్టి ఉంచి, ఎడమ చేత్తో క్లచ్ పట్టుకున్నాను. మీటర్ 0.3కి దిగింది. వదిలాను, మళ్లీ ఎగిరింది. పట్టుకున్నాను, దిగింది. పిల్లోడిని పిలిచి మరో నాలుగుసార్లు చూపించాను, అలాంటివి రోజూ దొరకవు. నావిగేటర్ కరెంటు ఇన్నాళ్లూ క్లచ్ కేబుల్ బయటి తొడుగులోంచి ఇంజన్‌కి వెళ్తోంది! ఆ తొడుగు లోపల చుట్టిన స్టీలు తీగ ఉంటుంది. లివర్ నొక్కితే తొడుగు బిగుసుకుని రెండు చివర్లా గట్టిగా ఆనుతుంది, ఎర్త్ వస్తుంది. హ్యాండిల్ కుడికి తిప్పి క్లచ్ వదిలేస్తే కేబుల్ వదులవుతుంది, ఇంజన్ అదురుకి ఆ కాస్త ఆనడమూ పోతుంది. ఎడమకి తిప్పితే కేబుల్ సాగి గట్టిపడుతుంది, అందుకే ఎడమ మలుపుల్లో గొడవ లేదు.

కనురెప్ప పాటు కరెంటు పోతే నావిగేటర్ లోపలి బ్యాటరీ కాయాలి కదా అని మీరు అడగొచ్చు. అది ఎప్పుడో పోయింది. ఏళ్ల తరబడి కారు అద్దం వెనక మన ఎండలో ఉడికిన లిథియం బ్యాటరీ అది. ప్లగ్ లాగితే రెండు సెకన్లు కూడా నిలవలేదు. దాన్ని మార్పించుకోమన్నాను. అది నా చేతి పని కాదు, మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గరికి పంపాను.

ఈ కథలో నావిగేటర్ ఒక ఆంపియర్ లోపు తీసుకునేది కాబట్టి సరిపోయింది. ఇంజన్‌కి వెళ్లే అసలు ఎర్త్ కేబుల్ వదులై, సెల్ఫ్ కరెంటు మొత్తం క్లచ్ కేబుల్లోంచి వెళ్లిన బండ్లు కూడా ఉంటాయి. అప్పుడు కేబుల్‌కి పొగలొస్తాయి. క్లచ్ కేబుల్ ఊరికే కాలి బిగుసుకుపోయిన బండి వస్తే కేబుల్ మార్చి పంపేయకండి, ముందు ఎర్త్ చూడండి.

మిగిలింది శాటిలైట్లు ఆలస్యంగా పట్టడం. ఇందులో కొంత సహజమే. పాత సమాచారమేదీ లేకుండా మొదటినుంచి మొదలయ్యే జీపీఎస్‌కి పైనుంచి సమాచారం నిదానంగా అందుతుంది. ఒక్కో శాటిలైట్ తన దారి వివరాలు చెప్పడానికే 30 సెకన్లు పడుతుంది, అన్ని శాటిలైట్ల పట్టిక మొత్తం దిగాలంటే పన్నెండున్నర నిమిషాలు. మధ్యలో కరెంటు పోతూ ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. కానీ ఎర్త్ సరిచేసి, షాపు ముందు ఖాళీ స్థలంలో నిలబెట్టినా ఆలస్యమే. శాటిలైట్ల పేజీ తెరిస్తే సిగ్నల్ గీతలు పొట్టిగా, మూడో నాలుగో కనిపించాయి.

స్పార్క్ ప్లగ్ గోల సిగ్నల్‌లో కలుస్తోందేమో అని ఇంజన్ ఆపాను. తేడా లేదు. ప్లగ్ కాదు. అప్పుడు నా పవర్ బ్యాంకు తెచ్చి బండి వైరుకి బదులు దాన్ని తగిలించాను. నిమిషం తిరక్కుండా గీతలు లేచాయి, ఎనిమిది శాటిలైట్లు. మళ్లీ బండి కరెంటు మీద పెడితే ఒక్కొక్కటే కిందికి కూలాయి.

దొంగ కన్వర్టర్. 12 వోల్టులని 5 వోల్టులుగా మార్చే చిన్న బోర్డు, కవర్ లేకుండా టేపు చుట్టి, సరిగ్గా నావిగేటర్ వీపుకి అంటించారు. ఇలాంటివి కరెంటుని సెకనుకి వేలసార్లు, లక్షలసార్లు ఆపుతూ ఇస్తూ పనిచేస్తాయి. సరిగ్గా ఫిల్టర్ లేని చవక బోర్డుల్లో ఆ గోల చుట్టూ రేడియోలా చిమ్ముతుంది. శాటిలైట్ నుంచి మన దాకా వచ్చే సిగ్నల్ ఎంత బలహీనమంటే, తిరునాళ్లలో మైకు పక్కన నిలబడి ఎవరో గుసగుసలాడితే వినడం లాంటిది. మైకుని దూరంగా తీసుకెళ్తే ఏమవుతుందో చూద్దామని, అదే బోర్డుని పొడుగు వైరుతో ట్యాంకు కిందికి, అరవై సెంటీమీటర్ల దూరానికి జరిపాను. శాటిలైట్లు ఆరయ్యాయి. దూరానికే సగం పని అయింది.

కంప్యూటర్ బొమ్మ సంగతి త్వరగా తేలింది. బోర్డుకి యూఎస్‌బీ సాకెట్ ఉంది, అందులోంచి మామూలు డేటా కేబుల్ పెట్టారు. ఈ నావిగేటర్‌ది ఐదు పిన్నుల మినీ యూఎస్‌బీ. అందులో నాలుగో పిన్ను మామూలు కేబుల్లో దేనికీ కలవదు. కార్ కేబుల్లో దాన్ని ఎర్త్‌కి కలుపుతారు, నేరుగానో చిన్న రెసిస్టర్ ద్వారానో. ఆ గుర్తుని బట్టే డబ్బా తాను కారులో ఉన్నానో కంప్యూటర్‌కి తగులుకున్నానో తేల్చుకుంటుంది. గుర్తు లేకపోతే ఒకసారి అలా, ఒకసారి ఇలా. అతని బావ దగ్గర ఒరిజినల్ కార్ ఛార్జర్ అటకమీద దొరికింది. సిగరెట్ లైటర్ ప్లగ్ కోసి పారేసి, నావిగేటర్ వైపు కేబుల్ మాత్రం వాడుకున్నాను. తీసేసిన డేటా కేబుల్‌ని చెత్తలో వేయబోయి, బాగానే ఉంది కదా అని షాపులోని సామాన్ల డబ్బాలో పడేశాను.

చివరికి వేసిన వైరింగ్ ఇది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 2 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడినుంచి నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో ఆన్ అయ్యే స్విచ్) 30 నంబరు కాలికి. 87 నుంచి కన్వర్టర్‌కి. రిలే కాయిల్‌కి, అంటే 86కి, వెనక బ్రేక్ లైట్ స్విచ్‌కి వెళ్లే, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటుండే వైరు నుంచి చిన్న కొమ్మ. 85 ఎర్త్‌కి. అంత చిన్న లోడుకి రిలే ఎందుకు, ఆ బ్రేక్ వైరు నుంచే నేరుగా తీసుకోవచ్చు కదా అని మా పిల్లోడు అడిగాడు. తీసుకోవచ్చు, నడుస్తుంది. కానీ లేహ్ దారిలో నావిగేటర్ ఫ్యూజు కొడితే నావిగేటరే పోవాలి, బ్రేక్ లైటూ హారనూ దానితో పాటు పోకూడదు.

ఎర్త్ మాత్రం ఈసారి వైరుగానే బ్యాటరీ మైనస్ దాకా తెచ్చాను, బండి ఇనుముని నమ్మలేదు. ప్లస్, మైనస్ రెండూ 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి వైరింగ్ కిట్ వెంటే నడిపించాను. అలా మెలిపెడితే గోల కూడా తగ్గుతుంది. అల్యూమినియం డబ్బాలో జిగురు పోసి మూసేసిన కొత్త కన్వర్టర్‌ని ట్యాంకు కింద ముందు భాగంలో కట్టాను. సీటు కింద ఇంకా చోటుంది కానీ, అక్కడినుంచి సన్నటి 5 వోల్టుల కేబుల్ హ్యాండిల్ దాకా లాగితే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. 12లో పావు వోల్టు పోయినా లెక్కలేదు, 5లో పోతే డబ్బా గొణుగుతుంది. ఫ్రేమ్ మెడ దగ్గర బొటనవేలు పట్టేంత వదులు వదిలాను. అతుకులన్నీ హీట్ ష్రింక్ స్లీవ్‌తో మూశాను. 2021 నవంబర్ వరదల తర్వాత టేపు అతుకుల్లో నీళ్లు దూరి పచ్చబడ్డ వైర్లు నెలల తరబడి చూశాను, అప్పటినుంచి ఉత్త టేపు మీద నాకు నమ్మకం లేదు.

కొలతలు: తాళం తీసేస్తే 1 మిల్లీ ఆంపియర్. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, కన్వర్టర్ ముందు 13.9. ఎర్త్ తేడా హ్యాండిల్ ఏ వైపు తిప్పినా 0.05 దాటలేదు. శాటిలైట్లు ఎనిమిది, పవర్ బ్యాంకుతో వచ్చినన్నే.

ఒకటి మాత్రం బాగుచేయకుండా వదిలేశాను. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ 9.6కి దిగుతుంది, ఒక్కోసారి నావిగేటర్ రీస్టార్ట్ అవుతుంది. లోపలి బ్యాటరీ మారితే అదే పోతుంది. అప్పటిదాకా ఇంజన్ స్టార్ట్ అయ్యాక డబ్బా ఆన్ చేయమన్నాను. ఇంకొకటి, అది కార్ డబ్బా, వానకి తట్టుకోదు. చినుకు పడితే తీసి జేబులో పెట్టుకోమన్నాను. సామాన్లకీ పనికీ కలిపి 1,350 రూపాయలు తీసుకున్నాను. మొదటిరోజు ఉత్తగా ట్యాంకు విప్పిన గంటన్నర బిల్లులో వేయలేదు.

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. కొండ దిగేటప్పుడు ఒక్కసారీ ఆగలేదట. బ్యాటరీ కూడా, పది రోజులు ఊళ్లో లేకపోయినా, మొదటి నొక్కుకే బండి లేచిందట. భాకరాపేట ఘాట్ మీదుగా హార్స్‌లీ హిల్స్ వెళ్లొచ్చాడు, ఆ మలుపుల్లోనూ బాగుంది.

"కానీనా, చిత్తూరు రోడ్డులో కొత్త బైపాస్ ఎక్కితే బండి చేలల్లో పోతా ఉన్నట్టు చూపిస్తాంది."

మ్యాప్ పాతది. కంప్యూటర్‌కి తగిలించి కొత్త మ్యాప్ ఎక్కించుకోవాలి, దానికి కంప్యూటర్ బొమ్మ వచ్చే కేబులే కావాలి. సామాన్ల డబ్బా వెతికి, ఆరోజు తీసి పడేసిన డేటా కేబుల్ దుమ్ము తుడిచి ఇచ్చాను.